సంతకం పెట్టే ముందు అజెండా చదవండి మాస్టారూ

విశాఖపట్నంలోని విశ్వవిద్యాలయాల్లో, అటానమస్ కాలేజీల్లో అకడమిక్ కౌన్సిళ్ళకీ సెనేట్లకీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లకీ సభ్యులుగా ఉన్న అధ్యాపక మిత్రులకు,

నమస్కారం.

ఇలాంటి బహిరంగ లేఖలు మామూలుగా వీసీ గారికో, ఉన్నత విద్యామండలి ఛైర్మన్ గారికో, ఇంకా కోపంగా ఉంటే మంత్రి గారికో రాస్తారు. నేను మీకు రాస్తున్నాను. పైవాళ్ళకి రాయాల్సినవి సంఘాలవాళ్ళు ఎప్పటికప్పుడు రాస్తూనే ఉన్నారు, వాటికి రసీదు దొరకడమే గొప్ప. మీ సంగతి వేరు. ఏ కోర్సులో ఏ పాఠం ఉండాలో తేల్చే ఆ బల్ల దగ్గరే మీరు కూర్చుంటారు. "అకడమిక్ కౌన్సిల్ ఏకగ్రీవంగా ఆమోదించింది" అని సర్క్యులర్‌లో వచ్చిందంటే, ఆరోజు మీరు నోరు విప్పినా విప్పకపోయినా ఆ ఏకగ్రీవంలో మీరూ ఉన్నట్టే లెక్క.

నా గురించి రెండు ముక్కలు. ఈ ఊళ్ళో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగానూ, ఆ తర్వాతానూ సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గానో యూనివర్సిటీ నామినీగానో ఉత్తరాంధ్రలో చాలా కాలేజీల బోర్డు మీటింగులకి వెళ్ళాను. ఏ కాలేజీ పేరూ, ఏ యూనివర్సిటీ పేరూ రాయను. రాస్తే "ఓహో, వాళ్ళ గొడవా" అని మిగతావాళ్ళు హాయిగా పక్కకి తప్పుకుంటారు.

మీటింగు ఎలా జరుగుతుందో మీకు తెలుసు. బయటి పాఠకుల కోసం చెప్తాను. బోర్డ్ ఆఫ్ స్టడీస్ అంటే ఒక సబ్జెక్టు సిలబస్ తయారుచేసే కమిటీ, దాన్ని పైన చూసి ఆమోదించేది అకడమిక్ కౌన్సిల్. సిలబస్, పరీక్షలు సొంతంగా చూసుకునే కాలేజీలు అటానమస్ కాలేజీలు. పదిన్నరకని పిలుస్తారు. పదకొండుకి ప్రిన్సిపాల్ గారి గదిలో కాఫీ, కుశల ప్రశ్నలు, ఎవరి అబ్బాయి ఎక్కడ స్థిరపడ్డాడు అన్న కబుర్లు. పదకొండున్నరకి డిపార్ట్‌మెంట్లో కూర్చుంటాం. మొదట చేతికొచ్చేది సిలబస్ కాదు, హాజరు షీటు. దాని వెనకే టీఏ, రెమ్యునరేషన్ ఫారాలు, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు. ఆ తర్వాత స్పైరల్ బైండింగు చేసిన లావుపాటి పుస్తకం. సిలబస్, మోడల్ పేపర్లు, ఎగ్జామినర్ల ప్యానెల్, అన్నీ అందులోనే. చివరి పేజీలో తీర్మానాలు అప్పటికే టైపై ఉంటాయి: "సభ్యులు కూలంకషంగా చర్చించి ఆమోదించారు." మనం ఇంకా అట్ట తిప్పలేదు. సమోసా, స్వీటు వచ్చేలోగా సంతకాలు అయిపోతాయి.

ఒకసారి అలాంటి పుస్తకంలో ఐదో సెమిస్టర్ ఎలక్ట్రానిక్స్ పేపరు చూస్తున్నాను. పై మూలన ఉన్న పేపర్ కోడ్ మన రాష్ట్రంలోని ఏ యూనివర్సిటీదీ కాదు. ఇంకెక్కడి సిలబస్సో నెట్‌లోంచి దించి అతికించారు, కోడ్ తీసెయ్యడం మర్చిపోయారు. ప్రాక్టికల్స్ జాబితాలో ఉన్న పరికరాల్లో సగం ఆ ల్యాబ్‌లో లేవు. అడిగితే "వర్చువల్ ల్యాబ్‌లో చేయించేస్తాం సార్" అన్నారు. అంతకు ముందు ఏడాది అదే పేపరుకి సంతకం పెట్టిన ఎక్స్‌పర్టు నాకు బాగా తెలిసినాయన. చాలా మంచి టీచరు. బోర్డు మీద పిల్లాడు ఒక మైనస్ గుర్తు వదిలేస్తే ఊరుకోడు. అదే మనిషి ఈ బల్ల దగ్గర పేజీ తిప్పడు. దీన్ని బద్ధకం అనలేను. నిర్ణయాలన్నీ పైన ఎక్కడో అయిపోయాయి, ఇక్కడ మనది ఉత్త తంతు అని ఆయన గట్టిగా నమ్మేశాడు. మనలో చాలామందిమి నమ్మేశాం.

అలా నమ్మడానికి కారణాలు లేకపోలేదు. 1926లో బెజవాడలో మొదలై 1930కి వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి, అంటే మన ఆంధ్రా యూనివర్సిటీకి, 2026తో నూరేళ్ళు. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం జనాన్ని అణచివేస్తున్న తీరుకి నిరసనగా పదవి వదులుకున్నాయన. ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్, మళ్ళీ 1949 వరకూ కట్టమంచి. అప్పట్లో యూనివర్సిటీ పాలన చూసే సెనేట్, సిండికేట్ అనే సభలు ఉండేవి. రిజిస్టరు చేయించుకున్న పట్టభద్రులు కూడా సెనేట్‌కి సభ్యుల్ని ఎన్నుకునేవాళ్ళు. ఆ రోజులు స్వర్ణయుగం అని నేననను. ఆ ఎన్నికల్లో కులాలూ ఉండేవి, ముఠాలూ ఉండేవి. పాత మాస్టార్లు చెప్పే కథలు వింటే అసెంబ్లీ ఎన్నికలు నయం అనిపించేది. కాకపోతే ఎన్నికైన మనిషికి తన వెనక ఉన్నవాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సిన పని ఒకటి ఉండేది. 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టంతో పాలన ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ చేతికి వచ్చింది. అందులో హోదా రీత్యా వచ్చే ప్రభుత్వ కార్యదర్శులు, మిగతా ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్ళు. నామినేషన్ మీద వచ్చినాయన ఎవరికి జవాబు చెప్పుకుంటాడో వేరే రాయక్కర్లేదు.

అయితే అదే చట్టం పాఠం ఏమిటో తేల్చే పనిని మాత్రం అధ్యాపకుల దగ్గరే ఉంచింది. బోర్డ్ ఆఫ్ స్టడీస్ తయారు చెయ్యాలి, అకడమిక్ సెనేట్ చూడాలి. అటానమస్ కాలేజీలకైతే యూజీసీ (ఉన్నత విద్య ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) నిబంధనలు ఇంకా వివరంగా ఉన్నాయి. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో డిపార్ట్‌మెంట్ టీచర్లు ఉండాలి, బయటి నుంచి నిపుణులు రావాలి, వీసీ నామినేట్ చేసిన ఒకరుండాలి, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు. ఇంతమందిని కూర్చోపెట్టమన్నది సమోసాల కోసం కాదు కదా.

మనకి మరుపొచ్చిన ఇంకో సంగతి ఉంది. 1986లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత విద్యా కమిషనరేట్ అని ఒక చట్టం తెచ్చింది. విశ్వవిద్యాలయాల పగ్గాలు చాలావరకు ఒక కమిషనరేట్ చేతిలో పెట్టే చట్టం అది. ఉస్మానియా విశ్వవిద్యాలయం టీచర్ల సంఘం దాని మీద కోర్టుకెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయారు. అక్కడితో ఆగకుండా సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఉన్నత విద్య ప్రమాణాల సమన్వయం రాజ్యాంగం ప్రకారం కేంద్ర జాబితాలోని అంశమనీ, దానికోసం యూజీసీ చట్టం ఉందనీ చెప్పి 1987లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ మరుసటి ఏడు, 1988లో, ఉన్నత విద్యామండలి చట్టం వచ్చింది. అంటే ఇవాళ మనకి సర్క్యులర్లు పంపే మండలి, మాస్టార్లు కోర్టుకెక్కి గెలిచాక పుట్టింది. ఈ సంగతి కొత్తగా చేరిన లెక్చరర్లకి చెప్తే నమ్మరు. "మాస్టార్లు గవర్నమెంటు మీద గెలిచారా సార్?" అని అడిగిన కుర్రాడు నాకు గుర్తున్నాడు.

ఇప్పుడు మన కళ్ళ ముందు జరిగినవి చూడండి. డిగ్రీలో 2015-16 నుంచి సెమిస్టర్లు, సీబీసీఎస్ (పేపర్లు ఎంచుకునే వీలున్న క్రెడిట్ల పద్ధతి). 2020-21లో ఆ సిలబస్ మార్చి ఇంటర్న్‌షిప్పులు, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు. 2021-22 నుంచి ఇంగ్లీషు మీడియం ఒక్కటే అన్నారు. 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల డిగ్రీ పోయి, ఒక్క సబ్జెక్టే ప్రధానంగా చదివే సింగిల్ మేజర్ వచ్చింది. ఎనిమిదేళ్ళలో నాలుగు మార్పులు. ఒక మార్పుతో చేరిన బ్యాచ్ పాసై బయటికెళ్ళి, అది మంచి చేసిందో చెడు చేసిందో మనం తెలుసుకునేలోగా తర్వాతి మార్పు వచ్చి పడింది. ఈ నాలుగూ చెడ్డవని నేను అనడం లేదు. అన్నీ వచ్చిన దారి ఒక్కటే. మే, జూన్ నెలల్లో పైనుంచి ప్రకటన, పేపర్లో వార్త, వెబ్‌సైట్లో మోడల్ సిలబస్. అడ్మిషన్లు మొదలయ్యాక మన బోర్డులు, కౌన్సిళ్ళు కూర్చుని దాన్ని "రాటిఫై" చెయ్యడం. పెళ్ళి అయిపోయాక ముహూర్తం పెట్టమని పంతులుగారిని పిలిచినట్టు.

ఇంగ్లీషు మీడియం సంగతే తీసుకుందాం. ఆ ఏడు నేనింకా క్లాసులో ఉన్నాను. పాడేరు పైనుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒకతె, ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఏరు మధ్యలో నీళ్ళు జోరుగా, ఒడ్డు దగ్గర నెమ్మదిగా ఎందుకు పోతాయని క్లాసులో అడిగితే లేచి నిలబడి, చేతులు ఒకదాని మీద ఒకటి జరిపి చూపిస్తూ, పొరలు పొరలుగా ఎలా జారతాయో చెప్పింది. పుస్తకం రాసినాయన కూడా అంత బాగా చెప్పలేదు. అదే ప్రశ్న ఇంటర్నల్ పరీక్షలో వచ్చింది. పేపరు మీద "విస్కాసిటీ ఈజ్" అని రాసి ఆగిపోయింది. కింద బొమ్మ వేసింది, బాణాలు గీసింది. మార్కుల స్కీము ప్రకారం బొమ్మకి ఒక మార్కు. ఒకటే వేశాను. స్కీము అంతే మరి.

ఇంగ్లీషు వద్దని నేననను. ఆ అమ్మాయి కూడా అనదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల పేర్లు చెప్పుకునే ఈ ఊళ్ళో ఎవరంటారు? కాకపోతే తెలుగు మీడియంలో ఇంటర్ పాసైన బ్యాచిని ఆ జూన్‌లోనే ఒక్కసారి మార్చెయ్యాలా, కింది తరగతులనుంచి ఆ పిల్లలు పైకి వచ్చేదాకా రెండు మీడియంలూ ఉంచాలా, మొదటి సెమిస్టర్లో బ్రిడ్జి కోర్సు ఎన్ని గంటలు పెట్టాలి, ఆ గంటలు ఎవరి వర్క్‌లోడ్‌లో పడతాయి, ఇవి అడగాల్సిన ప్రశ్నలు. మంత్రి గారికి ఇవి తట్టకపోవడంలో వింత లేదు. ఆయన ఇంటర్నల్స్ దిద్దరు. దిద్దేవాళ్ళం కౌన్సిల్లో కూర్చుని ఎందుకు అడగలేదు?

సింగిల్ మేజర్ కథ ఇంకా విచిత్రం. ఎవరిని అడిగినా "జాతీయ విద్యా విధానంలో ఉంది సార్, మన చేతిలో లేదు" అన్నారు. సరే, విధానం 2020లో వచ్చింది. దాని మీద యూజీసీ 2022 డిసెంబర్‌లో డిగ్రీ కోర్సుల చట్రం ఒకటి విడుదల చేసింది. అందులో సింగిల్ మేజర్‌తో పాటు డబుల్ మేజర్ కూడా ఉంది. కలగలుపు కోర్సులకీ వీలుంది. అంటే మన పిల్లవాడు ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ గట్టిగా చదివే దారిని ఆ చట్రం మూసెయ్యలేదు. మరి మనకి ఒకటే ఎందుకు వచ్చింది? నేను కూర్చున్న ఏ బల్ల దగ్గరా ఈ ప్రశ్న పుట్టలేదు. ఆ పత్రం చదివి వచ్చినవాళ్ళు కూడా కనపడలేదు, ప్రింటు తీసి ఫైల్లో మాత్రం పెట్టారు.

బడిలో పీఎస్ (ఫిజికల్ సైన్స్) టీచరు ఫిజిక్సూ చెప్పాలి, కెమిస్ట్రీ కూడా చెప్పాలి. కెమిస్ట్రీ ఒక్కటే మేజర్‌గా చదివిన అమ్మాయి రేపు టెన్త్ పిల్లలకి కాంతి పాఠం ఎలా చెప్తుంది? బీఈడీలో ఏ మెథడాలజీకి, అంటే ఏ బోధనా సబ్జెక్టుకి, అర్హురాలు? మన దగ్గర బీఎస్సీలో చేరే పిల్లల్లో టీచరవుదామని వచ్చేవాళ్ళు తక్కువేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళనుంచి వచ్చే పిల్లల్ని అడిగి చూడండి, డీఎస్సీ అన్న మాట మొదటి ఏడే వినిపిస్తుంది. ఈ ప్రశ్న బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పుట్టాలి. కాలేజీ కారిడార్లో పుట్టింది, క్యాంటీన్లో పుట్టింది, వాట్సాప్ గ్రూపులో అయితే రోజుకోసారి పుట్టింది. మీటింగులో జరిగింది రాసిపెట్టే మినిట్స్‌లో మాత్రం పుట్టలేదు.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఆ ఆలోచన నాకు నిజంగా నచ్చింది. మొదటి సంవత్సరం అయ్యాక పిల్లలు ఏదో ఒక ఊరికో వాడకో వెళ్ళి అక్కడి మనుషుల సంగతులు తెలుసుకుని రాయాలి. జాలరిపేట ఉంది, కొండవాలు బస్తీలున్నాయి, గాజువాక వైపు ఫ్యాక్టరీల పొగ కింద ఇళ్ళున్నాయి. ఒక పిల్లాడు నిజంగా రెండు నెలలు తిరిగితే వాడి జన్మకి సరిపడా చదువు. తీరా ఏమైంది? ఒక్కో మాస్టారికి అరవై, డెబ్భై మంది పిల్లల్ని గైడ్ చెయ్యమని ఇచ్చారు. బస్సు ఖర్చు ఎవరిస్తారో తెలియదు. వేసవి ఎండ. కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపులో రిపోర్టు రెడీమేడ్‌గా దొరకడం మొదలైంది. ఊరి పేరు, గైడ్ పేరు, విద్యార్థి పేరు మారిస్తే చాలు. షాపతను మంచివాడు, "సార్, మీ కాలేజీ లోగో కలర్లో వెయ్యమంటారా?" అని నన్నే అడిగాడు. ఒకే ఏడాది నా దగ్గరికి వచ్చిన రిపోర్టుల్లో మూడు వేర్వేరు మండలాల ఊళ్ళలో బోర్లు, కుళాయిల లెక్క అచ్చం ఒక్కటే ఉంది. గైడ్‌కి ఎంతమంది, ఊళ్ళకి ఎలా వెళ్తారు, రిపోర్టు బదులు ఊళ్ళోనే వైవా పెడితే ఎలా ఉంటుంది అని ఒక అరగంట మాట్లాడుకుని ఉంటే ఈ పథకం ఇలా అయ్యేది కాదు. ఆ అరగంట దొరకాల్సిన చోటు మీ కౌన్సిలే.

కాలేజీలకి నాణ్యత గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ న్యాక్ సంగతి. మనం చూసిన పద్ధతిలో ఏడు క్రైటీరియాల్లో ఆరోది గవర్నెన్స్, లీడర్‌షిప్, మేనేజ్‌మెంట్. పాలనలో అందరికీ భాగం ఉందని చూపించాలి. తనిఖీకి పీర్ టీమ్ వచ్చే ముందు ఆఫీసులో ఏం జరుగుతుందో మీరెరుగుదురు. జరగని కమిటీ మీటింగులకి మినిట్స్ పుడతాయి. ఐదేళ్ళ మినిట్స్ ఒకే ఇంకుతో, ఒకే విడతలో. పాత తేదీలు వేసి సంతకం పెట్టమని అటెండరు పుస్తకం పట్టుకొస్తాడు, పాపం అతనికేం తెలుసు. అందరం కలిసి పాలన చేశామని చెప్పే కాగితాలు ఒక్క మనిషి ఒక్క రాత్రి కూర్చుని టైపు చేస్తాడు. దీన్ని తలుచుకుని కాఫీ దగ్గర నవ్వుకుంటాం. నవ్వుకున్నాక సంతకం పెడతాం. గ్రేడు మనకీ కావాలి కదా.

మీలో చాలామంది అనే మాట నాకు తెలుసు. "మనం చెప్తే వింటారా మాస్టారూ? ఆఖరికి వాళ్ళనుకున్నదే చేస్తారు." చెయ్యొచ్చు. చాలాసార్లు చేస్తారు కూడా. అయినా మీరు వద్దన్నారన్న సంగతి కాగితం మీద ఉండటానికీ లేకపోవడానికీ చాలా తేడా ఉంది. రెండేళ్ళ తర్వాత అదే నిర్ణయాన్ని సమీక్షించడానికి ఇంకో కమిటీ వేస్తారు, మన రాష్ట్రంలో వెయ్యకుండా ఉండరు. ఆ కమిటీ మొదట అడిగేది "అప్పుడు ఎవరైనా అభ్యంతరం చెప్పారా?" అని. ఏ మినిట్స్ తిప్పినా "ఏకగ్రీవం" అనే ఉంటే, తప్పు అధ్యాపకులదే అని తేలుస్తారు. కోర్టులోనూ అంతే. క్యాంటీన్లో తిట్టుకున్నది సాక్ష్యంగా పనికిరాదు.

ఇంకో అభ్యంతరం ఉంది, దీనికి నా దగ్గర సుఖమైన జవాబు లేదు. భయం. ప్రమోషన్ ఫైలు అదే ఛైర్మన్ గారి టేబుల్ మీద ఉన్న అసోసియేట్ ప్రొఫెసరుకి భయం ఉంటుంది. గెస్ట్ ఫ్యాకల్టీ అయితే చెప్పనక్కర్లేదు. క్లాసులు ఎక్కువగా చెప్పేది వాళ్ళు, సిలబస్‌లో ఏ యూనిట్ ఎక్కడ పిల్లలకి గుచ్చుకుంటుందో బాగా తెలిసింది వాళ్ళకి, కౌన్సిల్లో చోటు లేనిదీ వాళ్ళకే. వచ్చే ఏడు రెన్యువల్ ఉంటుందో లేదో తెలియని మనిషిని పట్టుకుని ధైర్యంగా మాట్లాడు అనడం మర్యాద కాదు. అందుకే ఈ ఉత్తరం వాళ్ళకి రాయలేదు. ప్రమోషన్లన్నీ అయిపోయి, సర్వీసు చివర్లో ఉన్న ప్రొఫెసర్లకి, సీనియర్ లెక్చరర్లకి రాస్తున్నాను. మీకిక పోయేదేముంది? ఒక ఎగ్జామినర్‌షిప్ పోతుంది. మహా అయితే ఒక విదేశీ సెమినార్.

డీఏ బకాయిలకి, పే రివిజన్‌కి మనం ధర్నాలు చేశాం. చెయ్యాల్సిందే, పొట్ట సంగతి. టెంటు వేశాం, నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నాం. సిలబస్ కోసం నల్ల బ్యాడ్జీ పెట్టుకున్న రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. 2025 జనవరిలో యూజీసీ ముసాయిదా నిబంధనలు వచ్చాయి. వీసీని ఎంపిక చేసే సెర్చ్ కమిటీని ఛాన్సలర్ (రాష్ట్ర విశ్వవిద్యాలయాలకి మామూలుగా గవర్నర్) వేస్తారు, పరిశ్రమల్లోనూ ప్రభుత్వ పాలనలోనూ పైస్థాయిలో పనిచేసినవాళ్ళు కూడా వీసీ కావచ్చు అన్నాయవి. తమిళనాడు, కేరళ శాసనసభలు వాటికి వ్యతిరేకంగా తీర్మానాలు చేశాయి. వాళ్ళ వాదనతో నేను పూర్తిగా ఏకీభవించను, బయటి మనిషి రావడం ఒక్కోసారి మేలే. కానీ మన మీద పెత్తనం చేసే మనిషిని ఎలా ఎంచాలన్నది మనకి చర్చనీయాంశం కాదా? నేను అడిగినవాళ్ళలో ఒక్కరూ తమ కౌన్సిల్లో దీని మీద మాట్లాడుకున్నామని చెప్పలేదు. 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కి అధ్యక్షత వహించింది మన వాల్తేరు కొండ మీద వీసీగా పనిచేసిన రాధాకృష్ణనే. ఉన్నత విద్యకి డబ్బివ్వడం ప్రభుత్వ బాధ్యత, ఆ డబ్బిచ్చినంత మాత్రాన చదువుల విషయాలు తన చేతిలో ఉండాలనుకోకూడదు అని ఆ నివేదిక చెప్పింది. ఆయన విగ్రహాలకి సెప్టెంబర్ 5న దండలు వేసేటప్పుడైనా ఎవరో ఒకరు ఈ మాట ఎత్తితే బాగుంటుంది.

సరే, నేను అడిగేది ఏమిటి? పెద్ద పెద్ద కోరికలేం లేవు. చట్టం మార్చమనను, సెనేట్ ఎన్నికలు తిరిగి పెట్టమనను. అవి మీ చేతిలో లేవు. మీటింగుకి వారం ముందు అజెండా, దానికి జతచేసిన కాగితాలన్నీ పంపమని రాతపూర్వకంగా అడగండి. రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో పీడీఎఫ్ పెట్టి పొద్దున్నే మీటింగంటే, ఆ అంశం తర్వాతి మీటింగుకి వెయ్యమనండి. ముందు అజెండాలో లేకుండా టేబుల్ ఐటమ్ అని చివర్లో దూర్చేవాటి దగ్గర ఇంకా జాగ్రత్త. అసలు వివాదం అంతా అక్కడే ఉంటుంది, అందరూ భోజనానికి లేచే వేళకి. మీటింగు పెట్టకుండా "సర్క్యులేషన్ ద్వారా ఆమోదం" అని ఫైలు చేతికొస్తే వెంటనే సంతకం చెయ్యకండి, ఒక రాత్రి ఇంట్లో ఉంచుకోండి. కొంపలేమీ మునగవు.

మీటింగుకి ముందు మీ స్టాఫ్ రూముకి వెళ్ళి, ఫలానా అంశం వస్తోంది, ఏమంటారు అని అడగండి. గెస్ట్ ఫ్యాకల్టీని ప్రత్యేకంగా అడగండి, పేరు బయటికి రానివ్వనని చెప్పి అడగండి. వచ్చాక ఏం జరిగిందో చెప్పండి. సీనియారిటీ వంతులో వచ్చిన సభ్యత్వమైనా సరే, వచ్చిన రోజు నుంచి మీరు ఇంకొందరి తరఫున కూర్చున్నట్టే. పోయినసారి మినిట్స్ ఆమోదించే ముందు చదవండి. మీరనని మాట అన్నట్టు ఉంటే దిద్దించండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విషయంలో 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఉంది. ఏయే బోర్డులు, కౌన్సిళ్ళు, కమిటీలు ఉన్నాయో, వాటి మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయో లేదో సంస్థే తనంతట తాను ప్రకటించాలి. వెబ్‌సైట్లో ఆ పేజీ ఉందేమో, ఉంటే ఏ ఏడాది దగ్గర ఆగిపోయిందో చూడండి. ఆగిపోయి ఉంటే, ఆ పేజీ నింపమని అజెండాలో ఒక అంశంగా మీరే ఇవ్వండి. సభ్యులు కూడా అజెండాకి అంశాలు ఇవ్వొచ్చు. ఇచ్చినవాళ్ళని నేను చూసింది తక్కువ.

అసమ్మతి అంటే కేకలు వెయ్యడం, వాకౌట్ చెయ్యడం అనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. అలా చేసేవాళ్ళని రెండు మీటింగుల తర్వాత ఎవరూ పట్టించుకోరు. నెమ్మదిగా, కాఫీ తాగుతూనే, ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసి ఛైర్మన్ గారికిచ్చి, దాన్ని మినిట్స్‌కి జతచెయ్యమని అడిగి, ఒక కాపీ మీద రిసీవ్డ్ అని తేదీ వేయించుకోండి. ఎలా రాయాలో తెలియక ఆగిపోయామన్నవాళ్ళు నాకు తగిలారు కాబట్టి నమూనా కింద ఇస్తున్నాను. అంశం నంబరు, కారణం మార్చుకుంటే సరిపోతుంది.

"అజెండా ఫలానా నంబరు అంశానికి సంబంధించిన కాగితాలు సభ్యులకు ముందుగా అందలేదు. ఈ మార్పు వల్ల తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థులపై, ప్రాక్టికల్స్‌పై, అధ్యాపకుల పనిభారంపై ఎలాంటి ప్రభావం ఉంటుందో సభలో చర్చ జరగలేదు. కనుక ఈ అంశాన్ని సంబంధిత బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి తిప్పి పంపవలసిందిగా కోరుతున్నాను. సభ దీన్ని ఈ రోజే ఆమోదించదలిస్తే, నా అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేయగలరు."

కింద పేరు, హోదా, తేదీ. పేరు అర్థమయ్యేలా రాయండి, మన సంతకాలు ఎవరివో మనకే తెలియవు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
విశాఖపట్నం